ఆసియా క్లబ్ ఫుట్‌బాల్ పోటీలు ఎలా నడుపుతారు? మన సరిహద్దు టోర్నమెంటుకు నియమాలు రాయాలి

గజపతి గోలీ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. దసరా వెళ్లాక మా ఊళ్లో క్లబ్బుల ఫుట్‌బాల్ టోర్నమెంటు ఉంది. ఏటా జరిగేదే, కానీ ఈసారి తీరు మార్చాలని కమిటీలో పట్టుబట్టాను. ఇప్పటిదాకా రెండు మూడు రోజుల్లో నాకౌట్ ఆడించి కప్పు ఇచ్చి పంపేస్తున్నాం. ఎక్కడో కొండల మీది నుంచి వ్యాను కట్టించుకుని వచ్చిన జట్టు ఒక్క మ్యాచ్ ఓడగానే వెనక్కి వెళ్లిపోవడం చూస్తే నాకు మనసు ఒప్పదు. ఇటు గజపతి, రాయగడ జిల్లాల జట్లు, అటు మహేంద్రతనయ దాటి పాతపట్నం, ఇంకా పార్వతీపురం వైపు జట్లు కలిపి గ్రూపులు చేసి, ఒకరి ఊరికి మరొకరు వెళ్లి ఆడేలా పెట్టాలని నా ఆలోచన.

పెద్దవాళ్లు సరే అన్నారు, నియమాలు రాసే పని నాకే అప్పగించారు. ఆసియా ఖండం స్థాయిలో క్లబ్బుల పోటీలు ఎలా నడుపుతారో తెలిస్తే అందులో మనకు పనికొచ్చేవి తీసుకోవచ్చు. ఎవరికి చోటు ఇవ్వాలో ఎలా నిర్ణయిస్తారు? పాయింట్లు సమానమైతే ఏం చేస్తారు? మధ్యలో ఒక జట్టు రానంటే? ఇంకొకటి చాలా రోజులుగా అడగాలనుకుంటున్నాను: మన ఒడిశా ఎఫ్‌సీ గ్రూపులో మొదటి స్థానంలో నిలిచాక ఆస్ట్రేలియా జట్టుతో ఎందుకు ఆడాల్సి వచ్చింది?

డ్రిల్లు మాస్టారు (గుణుపురం)

బాబూ, మంచి పని తలపెట్టావు. నాకు తెలిసినంతవరకు వరసగా చెబుతాను.

ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) 1954లో ఏర్పడింది, కార్యాలయం కౌలాలంపూర్‌లో. సభ్య సంఘాలు 47. ఖండంలోని క్లబ్బుల మధ్య పోటీ 1967లోనే మొదలైంది. ఇప్పుడు మనం ఛాంపియన్స్ లీగ్ అంటున్నది 2002-03లో పాత పోటీలను కలిపి కొత్తగా కట్టినది. మొదటి విజేత ఎమిరేట్స్‌కు చెందిన అల్ ఐన్. ఫుట్‌బాల్‌లో ఇంకా ఎదుగుతున్న దేశాల కోసం 2004లో ఏఎఫ్‌సీ కప్ అని రెండో అంచె పెట్టారు. అది 2023-24తో ముగిసింది.

2024-25 నుంచి మూడు అంచెలు. మొదలైనప్పుడు పైన 24 జట్లతో ఛాంపియన్స్ లీగ్ ఎలీట్, మధ్యలో 32 జట్లతో ఛాంపియన్స్ లీగ్ టూ, కింద ఛాలెంజ్ లీగ్. ఏ దేశానికి ఏ అంచెలో ఎన్ని చోట్లు అన్నది ఆ దేశపు క్లబ్బులు గత కొన్నేళ్లలో ఖండం పోటీల్లో తెచ్చిన ఫలితాలను బట్టి తేలుతుంది. అంటే ఈ ఏడు గోవా జట్టో కలకత్తా జట్టో తెచ్చే పాయింటు రేపు ఇంకో భారత క్లబ్బుకు దారి తెరుస్తుంది. ఇది చాలామంది గమనించరు. విదేశీ జట్టుతో మన ప్రత్యర్థి క్లబ్బు ఆడుతుంటే దాని ఓటమి కోరుకునే అభిమానులు మన చోటునే తగ్గించమని కోరుకుంటున్నట్టు లెక్క.

మన దేశం నుంచి 2024-25లో ఇండియన్ సూపర్ లీగ్ పట్టికలో మొదటి స్థానం జట్టు నేరుగా ఛాంపియన్స్ లీగ్ టూ గ్రూపులోకి వెళ్లింది. సూపర్ కప్ గెలిచిన జట్టు ముందు అర్హత మ్యాచ్ ఆడాల్సి వచ్చింది. ఆ ఏడు భువనేశ్వర్‌లో జరిగిన సూపర్ కప్ ఫైనల్లో ఒడిశాను అదనపు సమయంలో 3-2తో ఓడించి ఈస్ట్ బెంగాల్ వెళ్లింది. అర్హత మ్యాచ్‌లో తుర్క్‌మెనిస్తాన్‌కు చెందిన అల్తిన్ అసిర్ చేతిలో 2-3తో ఓడింది. కానీ ఇంటికి రాలేదు. ఛాలెంజ్ లీగ్‌లోకి దిగింది, అక్కడ గ్రూపు గెలిచి క్వార్టర్ ఫైనల్ దాకా పోయింది. ఓడిన జట్టుకు కింది అంచెలో చోటు చూపించే ఈ పద్ధతి నీ బాధకు సరిగ్గా సరిపోతుంది, రాసుకో.

బరంపురం ప్రేక్షకుడు

ఒడిశా సంగతి నేను చెబుతాను, ఆ మ్యాచ్‌లకు కళింగ స్టేడియంలో కూర్చున్నవాణ్ణి. బరంపురం నుంచి భువనేశ్వర్ రైల్లో మూడు గంటల లోపే కదా, మధ్యాహ్నం బండి ఎక్కితే చాలు.

2023-24 ఏఎఫ్‌సీ కప్‌లో మండలాలుండేవి. దక్షిణాసియా జట్లన్నీ ఒక మండలం. గ్రూపులో ఒడిశా, మోహన్ బగాన్, ఢాకాకు చెందిన బసుంధరా కింగ్స్, మాల్దీవుల మజియా. ఒక్కొక్కరితో సొంత ఊళ్లో ఒకటి, వాళ్ల ఊళ్లో ఒకటి, మొత్తం 6 మ్యాచ్‌లు. మొదటి స్థానం జట్టు ఒక్కటే ముందుకు వెళ్తుంది.

మొదటి మ్యాచ్ మన మైదానంలోనే మోహన్ బగాన్ చేతిలో 0-4. ఢాకాలో 2-3. నాకౌట్ అయితే మొదటి రోజే కథ ముగిసేది. కానీ తరువాత మజియాపై ఇక్కడ 6-1, మాలేలో 3-2. నవంబరులో కలకత్తా వెళ్లి మోహన్ బగాన్‌పై వాళ్ల సాల్ట్ లేక్ మైదానంలో 5-2. ముందు గోలు బగాన్‌దే, ఆ తరువాత అరగంటలో మూడు గోల్స్ కొట్టారు మనవాళ్లు. అందులో మొదటిది ఒకప్పుడు బగాన్‌కే ఆడిన ఫిజీ ఆటగాడు రాయ్ కృష్ణది.

చివరి మ్యాచ్ నాటికి బసుంధరాకు 10 పాయింట్లు, మనకు 9. వాళ్లకు డ్రా చాలు, మనం గెలిచి తీరాలి. డిసెంబరు సాయంత్రం, మైదానం మీద కొంచెం మంచు పడుతోంది. రెండో సగంలో ముర్తదా ఫాల్ గోలు కొట్టాడు. ఆ తరువాత అరగంట స్టాండులో ఎవరూ కూర్చోలేదు. నా పక్కన ఛత్రపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయన గడియారం చూడటం మానేసి రిఫరీ చేతినే చూస్తున్నాడు. 1-0. మొత్తం 12 పాయింట్లతో గ్రూపు మనది.

ఇక ఆస్ట్రేలియా ప్రశ్న. మండలం గెలిచిన జట్టు ఇంకో మండలం విజేతతో ఆడాలి. ఆస్ట్రేలియా ఆసియా సమాఖ్యలో ఉంది, ఆ ఏడు సెంట్రల్ కోస్ట్ మెరైనర్స్ ఆగ్నేయాసియా జట్లున్న ఆసియాన్ మండలం గెలిచింది. అక్కడ గాస్‌ఫర్డ్‌లో 0-4, ఇక్కడ 0-0. ఆ జట్టే చివరికి మస్కట్‌లో జరిగిన ఫైనల్లో లెబనాన్ జట్టు అల్ అహెద్‌ను 1-0తో ఓడించి కప్పు తీసుకుంది. మనం ఓడింది విజేత చేతిలో.

గజపతి గోలీ

అన్నా, చాలా సంతోషం. రెండు మ్యాచ్‌లు ఓడిన జట్టు గ్రూపు గెలిచిందన్న ఈ ఒక్క ఉదాహరణ చాలు కమిటీకి చెప్పడానికి.

బల్లార్షా బ్యాక్ (చంద్రపూర్ జిల్లా)

మహారాష్ట్ర సరిహద్దు నుంచి నా మాట కూడా వినండి. ఇక్కడ బల్లార్షా పేపరు మిల్లు చుట్టుపక్కల కాలనీల్లో తెలుగు కుర్రాళ్లు చాలామంది ఆడతారు. మేమంతా ముంబై సిటీ అభిమానులం. 2022లో రియాద్‌లో ఇరాక్ జట్టు అల్ ఖువా అల్ జవియాను 2-1తో ఓడించి, ఛాంపియన్స్ లీగ్‌లో మ్యాచ్ గెలిచిన తొలి భారత క్లబ్బు అయింది మా జట్టు.

2023-24లో మాకు సౌదీకి చెందిన అల్ హిలాల్, ఇరాన్ జట్టు నసాజీ, ఉజ్బెకిస్తాన్ జట్టు నవ్‌బహోర్ పడ్డాయి. ముంబైలో లీగ్ మ్యాచ్‌లు ఆడే మైదానంలో ఇవి ఆడనివ్వలేదు. నసాజీతో మ్యాచ్ పుణే బాలేవాడిలో, అల్ హిలాల్‌తో మ్యాచ్ నవీ ముంబైలోని డీవై పాటిల్ స్టేడియంలో. మైదానం ఖండం సమాఖ్య కొలతలకు సరిపోవాలి: వెలుతురు, కుర్చీలు, దుస్తులు మార్చుకునే గదులు, విలేకరుల చోటు, డోపింగ్ పరీక్ష గది, అన్నీ చూస్తారు. సొంత ఊరి జనం లేకుండా సొంత మ్యాచ్ ఆడటం ఎంత నష్టమో మాకు తెలుసు. అందుకే గజపతి తమ్ముడికి ఒక మాట: ఎవరి మైదానం ఎలా ఉందో ముందే వెళ్లి చూడండి. చీట్లు తీశాక చూస్తే గొడవలవుతాయి.

డ్రిల్లు మాస్టారు (గుణుపురం)

సరైన మాట. మైదానం ఒక్కటే కాదు, క్లబ్బుకు లైసెన్సు అనేది ఒకటుంది. ఆటలో చోటు సంపాదించినా లైసెన్సు లేకపోతే పోటీలోకి రానివ్వరు. అందులో అయిదు రకాల షరతులు: క్రీడాపరమైనవి, మైదానం వసతులు, సిబ్బంది, చట్టపరమైనవి, ఆర్థికమైనవి. క్రీడాపరమైనవి అంటే ముఖ్యంగా పిల్లల జట్లు నడపడం. సిబ్బంది అంటే అర్హత ఉన్న కోచ్, వైద్యుడు, భద్రతాధికారి. ఆర్థికమైన వాటిలో ఆడిట్ చేయించిన లెక్కలు చూపాలి, ఆటగాళ్లకు జీతం బాకీ ఉండకూడదు.

మనకు ఇంత అక్కర్లేదు. కానీ పాల్గొనే ప్రతి క్లబ్బుకూ పద్నాలుగేళ్ల లోపు పిల్లల జట్టు ఉండాలని పెట్టు. మొదటి ఏడాది సణుగుతారు, మూడో ఏడాదికి నీ దగ్గర ఆటగాళ్లుంటారు. ఈ ఒక్క నియమం కోసం నేను ఎవరితోనైనా వాదిస్తాను.

రాయగడ రైలుబండి

నేను వేరే మాట చెప్పాలి. సొంత ఊరు, బయటి ఊరు అని తిప్పడం చెప్పుకోవడానికి బాగుంటుంది, డబ్బు ఎవరిస్తారు? మా రాయగడ జట్టులో సగం మంది దినకూలీ చేసేవాళ్లు. పర్లాకిమిడి వచ్చి ఆడి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది, వ్యాను అద్దె వేరు. అంత డబ్బున్న ఆసియా సమాఖ్యే అన్నిచోట్లా తిప్పడం లేదు కదా. ఛాలెంజ్ లీగ్‌లో నాలుగు జట్ల గ్రూపు మొత్తం ఒకే ఊళ్లో ఆడిస్తారు. 2024లో ఈస్ట్ బెంగాల్ గ్రూపంతా భూటాన్‌లోని థింపూలోనే జరిగింది: భూటాన్ జట్టు పారోతో 2-2, బసుంధరాపై 4-0, లెబనాన్ జట్టు నెజ్మెహ్‌పై 3-2. వారం రోజుల్లో గ్రూపు తేలిపోయింది. పై అంచెలో కూడా ఎలీట్ క్వార్టర్ ఫైనల్ నుంచి అన్నీ ఒకే నగరంలో, ఒక్కొక్క మ్యాచ్‌తోనే. ఖర్చు తక్కువ, రిఫరీలు దొరుకుతారు, చూసేవాళ్లకు పండగ. మనకూ అదే మంచిది.

బరంపురం ప్రేక్షకుడు

ఖర్చు మాట ఒప్పుకుంటాను తమ్ముడూ. కానీ ఆ ఒకే నగరం ఏ నగరం అన్నది చూడు. 2025లో సౌదీలోని జెడ్డా. ఎనిమిది జట్లలో సౌదీ జట్లు మూడు: అల్ హిలాల్, అల్ నసర్, అల్ అహ్లీ. కొరియా జట్టు గ్వాంగ్జు అల్ హిలాల్ చేతిలో 0-7, జపాన్ జట్టు యోకొహామా అల్ నసర్ చేతిలో 1-4, థాయిలాండ్ జట్టు బురిరామ్ అల్ అహ్లీ చేతిలో 0-3. చివరికి జపాన్ జట్టు కవసాకిని 2-0తో ఓడించి కప్పు తీసుకున్న అల్ అహ్లీది ఆ జెడ్డాయే. అల్ అహ్లీ మంచి జట్టు, అందులో సందేహం లేదు. కానీ మూడు మ్యాచ్‌లూ తన జనం ముందే ఆడింది. విజేతకు కోటి డాలర్లు ఇచ్చే పోటీలో ఒక జట్టుకు మూడుసార్లు సొంత మైదానం, మిగతావాళ్లకు ఒక్కసారీ లేదు. ఇది న్యాయమని నేను అనలేను.

కవసాకి సెమీఫైనల్లో అల్ నసర్‌ను 3-2తో ఓడించింది, అది దాని గొప్ప. పద్ధతి గొప్ప కాదు.

రాయగడ రైలుబండి

ఆతిథ్యానికి ముందుకొచ్చేది డబ్బున్నవాళ్లే కదన్నా. అందరికీ దక్కాలంటే ఏటా ఊరు మార్చాలి.

కొరాపుట్ కాఫీ

ఆడపిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. ఆసియా మహిళల క్లబ్ ఛాంపియన్స్ లీగ్ 2024-25లో మొదలైంది. మన దేశం నుంచి తొలిసారి వెళ్లింది ఒడిశా ఎఫ్‌సీ మహిళల జట్టే. అర్హత దశ దాటి గ్రూపులోకి చేరింది. ఆ గ్రూపు మొత్తం వియత్నాంలోని హోచిమిన్ నగరంలో పెట్టారు. అక్కడ జపాన్ జట్టు ఉరావా చేతిలో 0-17.

ఆ స్కోరు చూసి నవ్వినవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు, నాకు కడుపు మండింది. ఉరావా వెనక దశాబ్దాల లీగ్ ఉంది. మన అమ్మాయిలకు ఏడాదిలో దొరికే మ్యాచ్‌లు ఎన్ని? పైగా ఒక్క మ్యాచ్ కూడా కళింగ స్టేడియంలో లేదు. సుందర్‌గఢ్ నుంచి, మా కొండ ప్రాంతాల నుంచి వచ్చిన ఆటగాళ్లను వాళ్ల అమ్మానాన్నలు ఖండం పోటీలో ఆడుతుండగా కళ్లారా చూసే అవకాశమే రాలేదు. రైలుబండి తమ్ముడు చెప్పిన ఖర్చు లెక్క నిజమే. కానీ ఖర్చు తగ్గించాలనుకున్న ప్రతిసారీ ముందు ఆడవాళ్ల సొంత మ్యాచే పోతుంది.

గోలీ తమ్ముడూ, మీ టోర్నమెంటులో అమ్మాయిల మ్యాచ్‌లున్నాయా? లేకపోతే ఎందుకు లేవు?

గజపతి గోలీ

అక్కా, ఇప్పటివరకు లేవు. ఈ వారం కమిటీలో పెడతాను. కనీసం నాలుగు జట్లు దొరికితే వాళ్లకూ ఇదే పద్ధతి, తగ్గించేది లేదు.

కొరాపుట్ కాఫీ

సెమిలిగుడ నుంచి ఒక జట్టును నేను తీసుకొస్తాను. మిగతా మూడు మీరు చూడండి.

బల్లార్షా బ్యాక్

పాత మండలాల పద్ధతి గురించి ఒక్క మాట. అది మన దేశం జట్లకు మేలు చేసింది. ప్రత్యర్థులు ఢాకా, మాలే. గెలిచే అవకాశం ఉండేది, ప్రయాణం దగ్గర. బెంగళూరు ఎఫ్‌సీ 2017లో ఏఎఫ్‌సీ కప్‌లో దక్షిణాసియా మండలం గెలిచి, మండలాల మధ్య ఫైనల్ దాకా వెళ్లింది. కొత్త పద్ధతిలో మన క్లబ్బులను పశ్చిమ భాగంలో వేశారు. చీటీలో సౌదీ, ఇరాన్, ఇరాక్ జట్లు పడతాయి. 2025లో గోవాకు అల్ నసర్ పడింది. గోవాలో 1-2, బ్రైసన్ ఫెర్నాండెజ్ కొట్టిన గోలు చూసి ఇక్కడ మా కాలనీ అంతా అరిచింది. తిరుగు మ్యాచ్ రియాద్‌లో 0-4. పెద్ద జట్టుతో ఆడితే నేర్చుకుంటాం అంటారు. ఏడాదికి ఒకటి రెండు అయితే నేర్చుకుంటాం, అన్నీ అవే అయితే అలవాటయ్యేది ఓటమే.

డ్రిల్లు మాస్టారు (గుణుపురం)

నేను దీనికి పూర్తిగా ఒప్పుకోను. దగ్గరి జట్లతోనే ఆడుతూ ఉంటే మనం ఎక్కడున్నామో మనకే తెలియదు. కానీ గ్రూపులు కట్టేటప్పుడు దూరం లెక్కలోకి తీసుకోవడం తప్పు కాదు. ఖండమంతా పోటీ అంటున్నా, వాళ్లు కూడా పడమర, తూర్పు అని విడగొట్టి లీగ్ దశ నడుపుతున్నారు. 2024-25లో ఎలీట్‌లో పడమర 12, తూర్పు 12, ఒక్కొక్కరికి 8 మ్యాచ్‌లు, నాలుగు సొంత ఊళ్లో, నాలుగు బయట. రెండు వైపుల జట్లు కలిసేది క్వార్టర్ ఫైనల్లోనే. నువ్వు కూడా గుణుపురం, రాయగడ ఒక గ్రూపు వైపు, పర్లాకిమిడి, పాతపట్నం ఇంకో వైపు వెయ్యి. రాయగడ వాళ్ల వ్యాను ఖర్చు సగమవుతుంది.

రాయగడ రైలుబండి

మాస్టారూ, ఇలాగైతే నాకు అభ్యంతరం లేదు. బయటి మ్యాచ్‌కు వెళ్లే జట్టుకు ఆసియా సమాఖ్య ప్రయాణ భత్యం ఇస్తుంది. మన కమిటీ కూడా ప్రవేశ రుసుములోంచి కొంత ఇస్తే ఇంకా మంచిది. దానికీ ఒక నియమం రాయండి.

గజపతి గోలీ

రాశాను. ఇప్పుడు కష్టమైన ప్రశ్న. మధ్యలో జట్టు రాకపోతే? పోయిన ఏడాది ఇది జరిగింది, ఊరి పేరు వద్దు. రాని జట్టుకు 0-3 అని రాసి ముందుకు సాగాం. మిగతావాళ్లు ఒప్పుకోలేదు, ఎందుకంటే ఆ జట్టు అంతకు ముందే ఇద్దరితో ఆడింది.

బరంపురం ప్రేక్షకుడు

ఇది మోహన్ బగాన్ కథే. 2024-25 ఛాంపియన్స్ లీగ్ టూలో సెప్టెంబరులో కలకత్తాలో తజికిస్తాన్ జట్టు రవ్షాన్‌తో 0-0 ఆడింది. అక్టోబరు 2న ఇరాన్‌లోని తబ్రీజ్‌లో ట్రాక్టర్ జట్టుతో ఆడాలి. అప్పుడు అక్కడి ఉద్రిక్తతల వల్ల ఆటగాళ్లు భయపడ్డారు, జట్టు వెళ్లలేదు. సమాఖ్య ఆ ఒక్క మ్యాచ్ ఓడినట్టు రాయలేదు. పోటీ నుంచే తప్పుకున్నట్టు తేల్చి, ఆడిన మ్యాచ్ ఫలితం కూడా రద్దు చేసింది. ఆ గ్రూపు మూడు జట్ల గ్రూపు అయింది. మరుసటి ఏడాది కూడా ఇరాన్‌లోని ఇస్ఫహాన్ వెళ్లకపోవడంతో అదే జరిగింది.

పై అంచెలో కూడా అంతే. 2025 ఫిబ్రవరిలో చైనా జట్టు షాన్‌డాంగ్ తైషాన్ చివరి లీగ్ మ్యాచ్ ముందు తప్పుకుంది. దాని మ్యాచ్‌లన్నీ రద్దు, దాన్ని ఓడించినవాళ్లు ఆ పాయింట్లు పోగొట్టుకున్నారు.

కొరాపుట్ కాఫీ

ప్రాణభయంతో వెళ్లని ఆటగాళ్లను, బద్ధకించి రాని జట్టును ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. రద్దు చేయడం మిగతా జట్ల కోసం, సరే. శిక్ష వేరే మాట. తుపాను వచ్చి రోడ్డు తెగితే ఏం చేస్తారు? మన దగ్గర అక్టోబరులో అది జరగనిది కాదు. మ్యాచ్ వాయిదాకు ఒక తేదీ ముందే ఉంచుకోండి.

గజపతి గోలీ

ఇది నాకు తట్టనే లేదు అక్కా. ప్రతి గ్రూపుకూ ఒక ఖాళీ ఆదివారం ఉంచుతాను.

డ్రిల్లు మాస్టారు (గుణుపురం)

పాయింట్లు సమానమైతే ఏం చేయాలో అడిగావు. ఆసియా గ్రూపుల్లో ముందు చూసేది సమానమైన జట్లు ఒకదానితో ఒకటి ఆడిన మ్యాచ్‌లే: వాటిలో పాయింట్లు, గోల్స్ తేడా, కొట్టిన గోల్స్. అవీ సమానమైతేనే గ్రూపు మొత్తం గోల్స్ తేడా చూస్తారు. దానికీ తేలకుండా, ఆ రెండు జట్లే చివరి మ్యాచ్ ఆడుతూ ఉంటే అక్కడికక్కడే పెనాల్టీలు. ఆ తరువాత కార్డుల లెక్క: పసుపుకు 1, ఎరుపుకు 3. అప్పటికీ తేలకపోతే చీటీ. బలహీనమైన జట్టు మీద పది గోల్స్ కొట్టి పైకి వెళ్లడం ఈ పద్ధతిలో కుదరదు, అందుకే నాకు ఇది ఇష్టం.

బయట కొట్టిన గోలుకు ఎక్కువ విలువ అనే పాత నియమాన్ని 2023-24 నుంచి తీసేశారు, నువ్వు కూడా పెట్టకు. చివరి వరస మ్యాచ్‌లు రెండూ ఒకే సమయానికి మొదలుపెట్టించు. ఇది మరిచిపోతే మిగతా నియమాలన్నీ ఉన్నా లాభం లేదు. పక్క మ్యాచ్ ఫలితం తెలిసిన జట్టు ఎలా ఆడుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. మ్యాచ్‌కు ముందు రోజు రెండు జట్ల మేనేజర్లు, రిఫరీలు, సమాఖ్య తరఫున మ్యాచ్‌ను పర్యవేక్షించే కమిషనర్ ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. రెండు జట్ల జెర్సీలు, నిక్కర్లు, మేజోళ్లు, గోల్‌కీపర్ల చొక్కాలు, రిఫరీ చొక్కా అన్నీ పక్కపక్కనే పరిచి చూస్తారు. రంగు కలిస్తే అక్కడే మార్పిస్తారు. రిఫరీలు రెండు జట్ల దేశాలకూ చెందనివాళ్లు. మన దగ్గర కూడా గుణుపురం, పర్లాకిమిడి ఆడుతుంటే రిఫరీ బరంపురం నుంచో పాతపట్నం నుంచో రావాలి. దీనికి డబ్బు పెట్టండి, బహుమతి కప్పు ఎత్తు తగ్గినా పరవాలేదు.

బరంపురం ప్రేక్షకుడు

బరంపురంలో జిల్లా సంఘం రిఫరీలు ఇద్దరు నాకు బాగా తెలుసు. తేదీలు పంపితే అడుగుతాను.

గజపతి గోలీ

ఇప్పటివరకు రాసినవి పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి. ఎనిమిది జట్లు, దూరాన్ని బట్టి రెండు గ్రూపులు, సొంత ఊళ్లో ఒకటి, బయట ఒకటి. గ్రూపులో మొదటి రెండు జట్లు సెమీఫైనల్‌కు. మూడు, నాలుగు స్థానాల వాళ్లకు వేరే చిన్న కప్పు, వాళ్లను ఉత్త చేతులతో పంపేది లేదు. తప్పుకున్న జట్టు ఫలితాలన్నీ రద్దు, కారణం న్యాయమైనదైతే మరుసటి ఏడాది చోటు ఉంటుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల జట్టు తప్పనిసరి. బయటి జట్టుకు ప్రయాణ భత్యం. ఫైనల్ ఈ ఏడు పర్లాకిమిడిలో, వచ్చే ఏడు రాయగడలో. అమ్మాయిల జట్లకు ఇవే నియమాలు, ఇదే మైదానం, సాయంత్రం మ్యాచ్.

రాయగడ రైలుబండి

ఫైనల్ మాకు ఇచ్చారు కాబట్టి చెబుతున్నాను, మా మైదానంలో ఒక మూల వాన నీరు నిలుస్తుంది. మట్టి పోయించాలి. ఇప్పటి నుంచే మొదలుపెడతాం.

డ్రిల్లు మాస్టారు (గుణుపురం)

శనివారం నేను పర్లాకిమిడి వస్తున్నాను. టేపు తెచ్చుకుంటాను, ముందు మీ మైదానం కొలుద్దాం. గోల్ పోస్టుల మధ్య 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు ఉండాలి. సున్నం సిద్ధంగా ఉంచు, గీతలు కూడా ఆ రోజే వేసేద్దాం.